మేనేజరుకి లైఫ్ జాకెట్

ఇకమీదట దేశంలో ఏ కుక్కా నీళ్లలో పడి చావడానికి వీల్లేదని జలరవాణా మంత్రిగారు ప్రకటించారు. ఈ మాట అనడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. ఇంతవరకు ఏ ప్రభుత్వమూ అనలేదు. కుక్కలూ అడగలేదు.

ప్రకటనకు కారణం మంత్రిగారి మూడో కోడలి కుక్కపిల్ల. విహారానికి వెళ్లిన పడవలోంచి అది నదిలో పడిపోయిందని కబురు రాగానే నాలుగు మరబోట్లు వెతికాయి, ఒక హెలికాప్టరు వెతికింది. సాయంత్రానికి అది పడవలోనే సోఫా కింద నిద్రలేచి ఒళ్లు విరుచుకుంది. కానీ అప్పటికే పాలసీ తయారైపోయింది. కుక్క బతికుందని పాలసీని ఆపేస్తారా?

పాలసీ ప్రకారం పడవెక్కే ప్రతి కుక్కకూ లైఫ్ జాకెట్ ఉండాలి. లేని కుక్కను అక్కడికక్కడే జప్తు చేసి ప్రభుత్వ సంరక్షణ కేంద్రానికి పంపుతారు. కేంద్రం ఇంకా కట్టలేదు. జప్తు మాత్రం వెంటనే అమల్లోకి వచ్చింది.

రేవులో లాంచీ నడిపే సరంగు ఈ వార్త రేడియోలో విని తన కుక్క వైపు చూశాడు. దాని పేరు మేనేజరు. ఏ పనీ చెయ్యకుండా వచ్చేపోయేవాళ్లను ఎగాదిగా చూస్తుంది కాబట్టి సరంగు భార్య ఆ పేరు పెట్టింది. ఆవిడ పోయి ఏడేళ్లు. ఇంట్లో ఇప్పుడు వీళ్లిద్దరే. సరంగు లాంచీ మీద ఉంటే మేనేజరూ లాంచీ మీదే, ఇంజను పక్కన తడిపిన గోనెసంచి మీద.

ఆవిడ ఈ లాంచీ మీంచే పడిపోయింది. ఆ రోజు అరవైమంది ప్రయాణికులున్నారు. అందరూ అరిచారు. పడిన చోటును చూపిస్తూ నిలబడినవాడు ఒక్కడు లేడు. సరంగు లాంచీ తిప్పేసరికి నది అంతా ఒక్కలాగే ఉంది.

అప్పటినుంచి ఆ లాంచీలో ఒకటే నియమం. ఏది పడినా ఇంజను ఆపాలి. ఒక మనిషి చెయ్యి చాపి, రెప్ప వాల్చకుండా, ఆ చోటునే చూపిస్తూ ఉండాలి. ఈ ఏడేళ్లలో గొడుగులు పడ్డాయి, చెప్పులు పడ్డాయి, ఒకసారి ఒక గుమాస్తాగారి విగ్గు పడింది. సరంగు చెయ్యి చాపేవాడు. మేనేజరు ఆ చేతివంక చూసి, దూకి, తెచ్చేది.

ప్రయాణికులకు లైఫ్ జాకెట్లు కావాలని ఆయన ఏటా అర్జీ పెడుతున్నాడు. పరిశీలనలో ఉందని ఏటా జవాబు వస్తోంది. ఒకే కాగితాన్ని ఏడేళ్లు పరిశీలించాలంటే ఎంత ఓపిక ఉండాలి!

ఒక ఉదయం శునక భద్రతాధికారి చంకలో నారింజరంగు జాకెట్ పెట్టుకుని రేవుకు వచ్చాడు. పథకం ప్రారంభం ఈ లాంచీలోనే అన్నాడు. మంత్రిగారి సమక్షంలో ఒక కుక్కను నీళ్లలో వేస్తారు, గజఈతగాళ్ల దళం దాన్ని కాపాడుతుంది, పత్రికలవాళ్లు ఫొటోలు తీస్తారు.

"నీ కుక్కకి ఈతొచ్చా?"

"వచ్చండి."

అధికారి మొహం వాడిపోయింది. "అదేనయ్యా చిక్కు. ఈతొచ్చిన కుక్క మునగదు. మునక్కపోతే మేం దేన్ని కాపాడాలి?"

"రానిదాన్ని వెయ్యండి."

"చచ్చిపోతే?"

ఆ మాటా నిజమేనన్నాడు సరంగు. చివరికి ఈతొచ్చిన కుక్కనే వేసి, ఈత రాదని మైకులో చెప్పడానికి ఒప్పందం కుదిరింది. పని అయ్యాక జాకెట్ మేనేజరుకే. పనిలో పనిగా మనుషుల జాకెట్ల సంగతి కదిపాడు సరంగు. అది వేరే సెక్షన్ అన్నాడు అధికారి. మనుషుల విషయంలో తనకు ట్రైనింగ్ లేదని నిజాయితీగా ఒప్పుకున్నాడు.

ప్రారంభం రోజున, అరవైమంది పట్టే లాంచీలోకి భద్రత గురించి మాట్లాడటానికి నూటపాతికమంది ఎక్కారు. నది మధ్యకు వెళ్లాక మంత్రిగారు కుక్కను స్వహస్తాలతో తానే వేస్తానన్నారు. జాకెట్ వీపు మీద ఒక పిడి ఉంటుంది. నీళ్లలో పడిన కుక్కను దాంతోనే పైకి లాగాలి. మంత్రిగారు లాంచీ అంచుకు వీపు పెట్టి ఆ పిడి పట్టుకున్నారు. మేనేజరు నాలుగు కాళ్లూ తన్నిపెట్టింది. మంత్రిగారు గట్టిగా గుంజారు. పిడి ఊడింది.

కుక్క లాంచీలో ఉంది. పిడితో సహా మంత్రిగారు నదిలో ఉన్నారు.

దళం కదల్లేదు. దళనాయకుడు జేబులోంచి ఉత్తర్వు తీసి చదువుకున్నాడు.

"ఇందులో కుక్క అనే ఉంది సార్."

అధికారి ఉత్తర్వు సవరించడానికి పెన్ను వెతుక్కోసాగాడు. మిగతావాళ్లందరూ అరిచారు.

సరంగు ఇంజను ఆపాడు. నీళ్లమీద తేలుతూ మునుగుతూ ఉన్న బట్టతల వైపు చెయ్యి చాపి, రెప్ప వాల్చకుండా నిలబడ్డాడు. మేనేజరు ఆ చేతివంక చూసింది. దూకింది. గొడుగును తెచ్చినట్టే కాలర్ పట్టుకుని మంత్రిగారిని తెచ్చింది.

'నదిలో పడిన కుక్కను ప్రాణాలకు తెగించి కాపాడిన మంత్రి' అని మర్నాడు పత్రికలు రాశాయి. ఫొటోలో మంత్రిగారు మేనేజరు మెడ కౌగిలించుకుని ఉన్నారు. ఎంత ప్రేమ లేకపోతే అంత గట్టిగా పట్టుకుంటారు? ఆయనకు సాహస పతకం వచ్చింది. సరంగుకు మెమో వచ్చింది. మంత్రివర్యులు నీటిలో ఉండగా సాయపడక చెయ్యి చాపి ఎందుకు నిలబడ్డారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. చోటు తప్పిపోకుండా ఉండటానికి అని సరంగు ఒక్క ముక్క రాసిచ్చాడు. అది పరిశీలనలోకి వెళ్లింది.

నెల తిరక్కుండా తనిఖీలు మొదలయ్యాయి.

ఒక రోజు గాలి ఎక్కువగా ఉంది. రేవులో ఒకావిడ చంటిపిల్లను ఎత్తుకుని, లాంచీ వైపు చూస్తూ నిలబడిపోయింది.

"బాబాయ్, పిల్లదానితో ఎక్కాలంటే గుండె దడగా ఉంది," అంది.

సరంగు మేనేజరు ఒంటిమీంచి జాకెట్ విప్పి పిల్లకు తొడిగాడు. ఊడిన పిడి చోట అంతకుముందే లాంచీ తాడుతో ఆయనే కొత్తది కుట్టుకున్నాడు. పట్టీలు రెండు బిగించేసరికి కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

నది మధ్యలో మరబోటు ఎదురొచ్చింది. శునక భద్రతాధికారి లాంచీ ఎక్కాడు. ఒక చేతిలో రిజిస్టరు, ఒక చేతిలో గొలుసు. తల్లి ఒళ్లో నారింజరంగు కనపడగానే రిజిస్టరులోంచి తలెత్తకుండా రాసుకున్నాడు.

"జాకెట్‌తో కుక్క, ఒకటి."

తల్లి నోరు తెరవబోయింది. సరంగు కళ్లతోనే ఆపాడు.

ఇంజను దగ్గరికి వచ్చాక అధికారి ఆగాడు. గోనెసంచి మీద మేనేజరు, ఒంటిమీద ఏమీ లేకుండా, ఆయన్ను ఎగాదిగా చూస్తోంది. ఆయన గొలుసు విప్పాడు.

"మరి ఇదేంటి?"

సరంగు పిల్ల వైపు చూశాడు. మేనేజరు వైపు చూశాడు. జాకెట్ ఒకటే. గాలి తగ్గలేదు. ఆయన టికెట్ల కట్టలోంచి ఒకటి చింపి మేనేజరు కాళ్ల ముందు పెట్టాడు.

"ప్యాసింజరండి."

అధికారి టికెట్ చూశాడు. తిరగేసి చూశాడు. నిబంధనల పుస్తకం తీసి మొదటినుంచి చివరిదాకా తిప్పాడు.

"ప్యాసింజరుకి జాకెట్ అక్కర్లేదు," అని గొలుసు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

దిగేముందు రిజిస్టరు పూర్తి చేశాడు. కుక్కలు ఒకటి, సురక్షితం. ప్యాసింజర్లు అరవైమంది. ఆ అరవై పక్కన గడి ఖాళీగా వదిలేశాడు. అది వేరే సెక్షన్.