మీ కాలైతే ఏది చేయించుకుంటారు?

మానవజాతి మొత్తం మడమ మీద నిలబడి ఉంది!

ఈ మాట నేను పదకొండు సభల్లో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి కళ్ళజోడు సర్దుకునేవాణ్ణి. చప్పట్లకి ఆ మాత్రం వ్యవధి ఇవ్వాలి కదా. మనిషి లేచి నిలబడ్డాడు కాబట్టి మనిషయ్యాడు. నిలబడటానికి మడమ కావాలి. ఆ మడమ విరిగితే అతికించడానికి నేను కావాలి. కాబట్టి మానవజాతి భారం చివరికి ఎవరి నెత్తిన పడిందో వేరే చెప్పనక్కర్లేదు.

నేను ఎముకల డాక్టర్ని. పెద్ద ఆసుపత్రిలో ఎముకల విభాగానికి అధిపతిని. మడమే కదా అని మీరు చిన్నచూపు చూడకండి. ఎత్తు నుంచి జారి నేరుగా కాళ్ళ మీద పడ్డవాడికి ఆ ఎముక కోడిగుడ్డులా చితుకుతుంది. దాన్ని సరిచేయడానికి రెండు దారులున్నాయి. ఒకటి పెద్దకోత. మడమ బయటిపక్క నిలువుగా దిగి, మూల తిరిగి, పాదం పొడవునా సాగుతుంది. చర్మాన్ని అట్టలా పైకెత్తి, ముక్కలన్నీ కళ్ళారా చూసి, ప్లేటు వేసి స్క్రూలు బిగించవచ్చు. రెండోది చిన్నకోత. చీలమండ కింద రెండంగుళాల చీలిక. అందులోంచి కనిపించినంత చూసి, మిగతాది ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ పని కానివ్వాలి.

నేను ఇరవై రెండేళ్ళుగా పెద్దకోత మనిషిని. "తలుపు తీసుకుని లోపలికెళ్ళేవాడు డాక్టరు, సందులోంచి తొంగిచూసేవాడు దొంగ" అన్న సూక్తి కూడా నాదే. ఇది తొమ్మిది సభల్లో చెప్పాను.

నా దగ్గర పని నేర్చుకుని నా పక్కగదిలోనే కూర్చునే చిన్న డాక్టరు మాత్రం చిన్నకోత మనిషైపోయాడు. ఒకరోజు మెత్తగా మొదలుపెట్టాడు.

"సార్, నడక రెండిట్లోనూ ఇంచుమించు ఒకలాగే వస్తోంది. మన పెద్దకోతలో అంచులు నల్లబడుతున్నాయి. చిన్నదాంట్లో ఆ బాధ తక్కువ."

"నల్లబడితే డ్రెస్సింగ్ చేస్తాం. డ్రెస్సింగంటే భయమైతే కళ్ళ విభాగానికి పోవయ్యా."

"డ్రెస్సింగ్ మనకేం నొప్పి సార్, వాళ్ళకి గానీ."

ఈ వాదన వరండాలోంచి క్యాంటీన్‌కీ, క్యాంటీన్ నుంచి సూపరింటెండెంటు చెవికీ చేరింది. ఆయన మధుమేహం డాక్టరు. ఎముకలవాళ్ళ గొడవంటే ఆయనకి మహా విసుగు. "రెండూ పోల్చి తేల్చండి, ఈలోపు నోళ్ళు మూసుకోండి" అన్నాడు. అలా పుట్టింది మా పరీక్ష.

పద్ధతి చాలా సాదా. అరవై కవర్లు. ముప్పైలో "పెద్ద" అనీ ముప్పైలో "చిన్న" అనీ రాసి, కలిపేసి, అంటించి, పైన వరసగా అంకెలు వేశారు. మడమ విరిగినవాడు ఆపరేషన్‌కి సిద్ధమవగానే ఆ వరసలో ముందున్న కవరు తెరవాలి. అందులో ఏదుంటే అదే కోత. డాక్టరు ఇష్టాయిష్టాలకి తావు లేదు. నిబంధనలు రాసే బాధ్యత నేనే మీదేసుకున్నాను. ఏడో నిబంధన రాస్తున్నప్పుడు నా కళ్ళు చెమర్చాయి కూడాను. "ఈ ఆసుపత్రి గడప తొక్కిన ప్రతి విరిగిన మడమా, అది ఎంతటివారిదైనా సరే, ఈ పరీక్షకు తలవంచవలసిందే." మడమ తలెలా వంచుతుందని హెడ్ సిస్టరు అడిగింది. భాష తెలియని మనిషి అని వదిలేశాను.

మొదటి వారమే ఒక శాస్త్రీయ సత్యం నా కంటపడింది. గదిలో ఎక్స్‌రేలు చూసే లైటు పెట్టె ఉంటుంది. దాని మీద అనుకోకుండా ఒక కవరు పెట్టాను. అనుకోకుండా లైటు వేశాను. లోపలి అక్షరాలు ఎంచక్కా కనిపించాయి. ఆ తరవాత అనుకోకుండానే ప్రతి కవరూ పెడుతూ వచ్చాను.

దీన్ని మోసమనకండి. పెద్దకోత గొప్పదన్నది నాకు ముందే తెలుసు కాబట్టి, సత్యానికి కాస్త చేయి అందించాను, అంతే. ముందున్న కవరులో "చిన్న" అని ఉండి, ఎదుట గట్టి మనిషి మడమ ఉందనుకోండి. "ఈయనకి షుగరు పరీక్ష మళ్ళీ చేయించండి" అనేవాణ్ణి. ఆయన ల్యాబుకి వెళ్ళొచ్చేలోపు, వెనకున్న మడమ ముందుకొచ్చేది. రోజుకి రెండు పెట్టెలు సిగరెట్లు తాగే, పుండు ఓ పట్టాన మానని మనిషి మడమ. ఆ "చిన్న" దానికి పోయేది. గట్టి మనిషికి తరవాతి "పెద్ద" దక్కేది. నా పక్షాన బలవంతులు, ఎదుటి పక్షాన పొగరాయుళ్ళు. గెలుపెవరిదో మీరే ఊహించుకోండి.

ఆ రోజుల్లోనే పెయింటరు వచ్చాడు. మూడో అంతస్తు గోడకి రంగేస్తూ నిచ్చెన మీంచి జారాడు. నలభై దాటలేదు, ఏ అలవాటూ లేదు, ఒంట్లో ఏ జబ్బూ లేదు. అటువంటి మడమ కోసం డాక్టర్లు మొక్కుకుంటారు. రెండు పద్ధతులూ వివరించి సంతకం పెట్టమంటే, కలం పట్టుకుని నా మొహంలోకి చూశాడు.

"సార్, నాకీ పెద్దా చిన్నా తెలీదు. నేను మళ్ళీ నిచ్చెనెక్కాలి. నా పనంతా దాని మీదే. ఒక్క మాట చెప్పండి. మీ కాలైతే ఏది చేయించుకుంటారు?"

"నా కాలా? కళ్ళు మూసుకుని పెద్దదే చేయించుకుంటాను."

"అంతే చాలు సార్. కవర్లో అదే రావాలని దణ్ణం పెట్టుకుంటా" అని సంతకం పెట్టాడు.

దణ్ణం ఫలించలేదు. ముందున్న పద్నాలుగో కవరులో "చిన్న" ఉందని లైటు పెట్టె చెప్పింది. షుగరు పరీక్ష మళ్ళీ చేయించమన్నాను. వెనకున్న లారీ డ్రైవరు పద్నాలుగు తీసుకుపోయాడు. పెయింటరుకి పదిహేను వచ్చింది. పెద్ద. కళ్ళనీళ్ళ పర్యంతమై నాకు చేతులు జోడించాడు. నేను ఆ నమస్కారం తీసుకున్నాను కూడా.

ఆపరేషన్ దివ్యంగా జరిగింది. ఆ ఎక్స్‌రే పటం కట్టించి గోడకి తగిలించుకోవచ్చు. ఆరో రోజున కోత మూల తిరిగే చోట చర్మం నల్లబడింది. పదో రోజుకి చీము. చచ్చిన చర్మం తీసేశాం, మళ్ళీ తీసేశాం. ఆరు వారాలైనా పుండు మానలేదు. రోజూ పొద్దున్నే డ్రెస్సింగ్ ట్రాలీ చప్పుడు వినగానే దిండు అంచు నోట్లో పెట్టుకునేవాడు.

"ఎముక అద్భుతంగా ఉందయ్యా" అనేవాణ్ణి రౌండ్సులో.

"మీ దయ సార్. లోపలంతా బాగుంది, బయటే" అనేవాడు. అందులో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. అందుకే అతని మంచం దగ్గర నా రౌండ్సు తొందరగా ముగిసేది.

ఇంతలో హెడ్ సిస్టరు కవర్ల పెట్టె తీసి బీరువా పైకెక్కించింది.

"కింద ఉంటే ఎవరో ముట్టుకుంటున్నారు సార్."

"ఎవరంటావ్?"

"ఎలకలేమో సార్" అంది, నా కళ్ళలోకే చూస్తూ.

ఆదివారం మధ్యాహ్నం విభాగంలో నరమానవుడు లేడు. వరండాకి, ప్రత్యేక గదులకి రంగులు వేస్తున్నారు. ఒక నిచ్చెన ఖాళీగా కనిపించింది. నిజానికి ఆ రోజు వార్డులో కోతకి ఎదురుచూస్తున్న మడమ ఒక్కటీ లేదు. అయినా ఎందుకెక్కానంటే, అలవాటు. దాన్ని బీరువాకి ఆనించి, ఐదు మెట్లెక్కి, ఇరవైమూడో కవరు తీసి, పైనున్న ట్యూబులైటుకి ఆనించి చూశాను. "పెద్ద." సంతోషం పట్టలేక ఒక మెట్టు దిగాననుకున్నాను. అక్కడ మెట్టు లేదు.

ఎడమ మడమ మీద పడ్డాను. ఆ చప్పుడు నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళ అనుభవం.

గోడగడియారం సరిచేయబోయి పడ్డానని చెప్పాను. విధినిర్వహణలో గాయపడ్డానని సూపరింటెండెంటు నోటీసు బోర్డులో పెట్టించాడు. మా ఆవిడ లెక్కల టీచరు. ఆమెకి మాత్రం లెక్క కుదరలేదు.

"ఇంట్లో బల్బు మార్చమంటే పదవికి తగదన్నారుగా. ఇక్కడ గడియారం కోసం నిచ్చెనెక్కారా?"

"అదంతా ఇప్పుడెందుకే?"

"సరే, పోనీండి. ఆ పెద్దకోతేదో చేయించేసుకోండి. పెళ్ళైన దగ్గర్నుంచి వింటున్నాను."

"నీకు తెలీదు. నా చర్మం కొంచెం సున్నితం."

"ఎవరి చర్మం వాళ్ళకి సున్నితమేనండీ" అంది, బత్తాయి వలుస్తూ.

ప్రత్యేక గదులన్నీ రంగుల వాసన కొడుతుంటే నన్ను వార్డులో వేశారు. పెయింటరు పక్క మంచమే దొరికింది. ఏడో నిబంధన ప్రకారం ఇరవైమూడో కవరు నాది. అందులో ఏముందో నాకు తెలుసు. నా ఆశంతా ఒక్కటే. ఈలోపు ఇంకో మడమ వచ్చి ఆ కవరు తీసుకుపోవాలి. వాపు తగ్గి చర్మం ముడతలు పడితే గానీ కోయకూడదు కదా. ఆ వంకన కాలయాపన చేశాను.

"ముడతలు పడ్డాయి సార్" అన్నాడు చిన్న డాక్టరు ఎనిమిదో రోజున.

"ఇంకా పడాలి. షుగరు మళ్ళీ చూడండి."

"నాలుగుసార్లు చూశాం సార్. నాకన్నా మీకే బాగుంది."

పది రోజులు! ఊళ్ళో ఒక్కరూ ఎక్కడి నుంచీ పడలేదు. కిటికీలోంచి చూస్తే ఎదురింటి కప్పు మీద ఇద్దరు మనుషులు రేకులు వేస్తూ కనిపించారు. పొద్దుటినుంచీ వాళ్ళనే ఆశగా చూస్తున్నానని సాయంత్రానికి గానీ నాకు తెలియలేదు. తెలిశాక నా మీద నాకే అసహ్యం వేసింది. మర్నాడు మంచం ఇటు తిప్పించుకున్నాను. తిప్పితే పెయింటరు మొహం ఎదురైంది.

"షుగరు నాకూ రెండుసార్లు చూశారు సార్. రెండోసారి నేను ల్యాబులో ఉండగా, నా వెనకొచ్చిన డ్రైవరన్న కవరు తీసుకున్నాడు. చిన్నది. రెండో వారం ఇంటికెళ్ళిపోయాడు. అదృష్టం" అన్నాడు.

నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను.

పదకొండో రోజు పొద్దున చిన్న డాక్టరు, హెడ్ సిస్టరు, పెట్టెతో సహా వచ్చారు. సిస్టరు ఇరవైమూడో కవరు తీసింది. అది బాగా నలిగి ఉంది.

"ఇదేంటి ఇలా నలిగింది?" అన్నాడు చిన్న డాక్టరు.

"సార్ పడ్డ రోజున సార్ కిందే దొరికింది. గడియారంతో పాటు పడ్డట్టుంది" అంది సిస్టరు.

ఆమె చించబోతుంటే నా నోరు నా మాట వినలేదు.

"వద్దు. తెరవకండి. నేను పరీక్షలోంచి తప్పుకుంటున్నాను. నువ్వు నాకు చిన్నది చేసెయ్."

"తప్పుకునే హక్కు అందరికీ ఉంది సార్. కానీ తెరవకుండానే ఎందుకు? చిన్నదే రావచ్చుగా."

"రాదు."

ఒక్క మాట. రెండక్షరాలు. పదకొండు సభల్లోనూ నా మాటకి ఇంత నిశ్శబ్దం దొరకలేదు. సిస్టరు కవరు చించి, లోపలి చీటీ నాకు కాకుండా పెయింటరుకి చూపించింది.

అతను చీటీ చదివాడు. నన్ను చూశాడు. తన కాలి కట్టు చూసుకున్నాడు.

"నా పద్నాలుగో కవరూ ఇలాగే చూశారా సార్?"

నేనేమన్నానో చెప్తే మీరు నవ్వుతారు. "షుగరు రెండోసారి చూడటం రోగి మంచికేనయ్యా" అన్నాను. అతను నవ్వలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. మధ్యాహ్నం భోజనం అలాగే ఉండిపోయింది. నాకూ ముద్ద దిగలేదు. ఆపరేషన్‌కి కడుపు ఖాళీగా ఉంచాలని అందరితో చెప్పుకున్నాను.

చిన్నకోత చేశారు. పన్నెండో రోజున కుట్లు విప్పారు. చర్మం ఎక్కడా నల్లబడలేదు. పరీక్ష దస్త్రంలో "ఒక రోగి స్వచ్ఛందంగా తప్పుకున్నాడు, కారణం నమోదు కాలేదు" అని రాసింది నేనే. సిస్టరు నోరు విప్పలేదు. చిన్న డాక్టరు ఎప్పటిలాగే "సార్" అన్నాడు. నాలుగు నెలలకి చేతికర్రతో డ్యూటీలో చేరాను. సిగ్గుపడి మారిపోయానని మీరనుకుంటే, మీరు నా గురించి చాలా గొప్పగా అనుకుంటున్నారన్నమాట. ఇంకా పదిహేను కవర్లు మిగిలున్నాయి. పన్నెండో సభకి ఆహ్వానం కూడా వచ్చింది.

మొదటి రోజే మడమ విరిగిన మేస్త్రి వచ్చాడు. రెండు పద్ధతులూ వివరించాను. గొంతు సవరించుకుని, ఆ ప్రశ్న కోసం ఎదురుచూశాను. మీ కాలైతే ఏదంటాడు, పెద్దదే అంటాను, సంతకం పెడతాడు. ఇరవై రెండేళ్ళుగా ఇంతే.

అతను ఆ ప్రశ్న అడగలేదు. కాస్త మొహమాటపడి, నా కాళ్ళవైపు చూసి అన్నాడు.

"సార్, ఏమనుకోకండి. ఒక్కసారి మీ ఎడమకాలి సాక్సు తీస్తారా?"

"ఏమిటీ?"

"బయట బెంచీ మీద ఒకాయన చెప్పాడండీ. డాక్టరుగారిని నోటితో ఏమీ అడక్కు, సాక్సు తీసి చూపించమను, అంతే అన్నాడు."

తలుపు సందులోంచి తొంగిచూశాను. వరండాలో బెంచీ మీద, డ్రెస్సింగ్ కోసం కట్టు కాలు ముందుకి చాపుకుని కూర్చున్నాడు పెయింటరు. అతని పక్కన ఇంకో ఇద్దరు, చక్రాల కుర్చీలో ఒకావిడ. నన్ను చూసి ఎప్పటిలాగే చేతులు జోడించాడు. తరవాత, అప్పుడే వచ్చిన మనిషికి జరిగి చోటిచ్చి, అతని చెవిదగ్గరకి వంగాడు.

నేను లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాను. మేస్త్రి ఓపిగ్గా ఎదురుచూస్తున్నాడు. వంగి మేజోడు విప్పాను.