పదకొండు గట్టి మాటలు

పొద్దున్నే చాయ గ్లాసు ముందు పెట్టి, రేషన్ కార్డు మంజూరైందని చెప్పింది అంజమ్మ. బిక్షపతికి సంతోషం వేసింది. చాయ చల్లారేదాకా కూడా ఆ సంతోషం నిలవలేదు.

"దరఖాస్తు ఎవలు రాసిచ్చిన్రే? నేనైతే రాయలే గద."

"సాంబమూర్తి సారు. అండ్ల ఇంగ్లీషుల ఒక్క మాట ఏసిండట, స్ట్రాంగ్లీ అని. గా ఒక్క మాటకే ఆఫీసరు కుర్సీలకెంచి లేసిండట!"

బిక్షపతి చాయ గ్లాసు పక్కకు నెట్టాడు. ఇరవై రెండేళ్లుగా ఎల్‌బీ నగర్ కోర్టు గోడ వారన టైపు మిషను పెట్టుకుని అర్జీలు రాస్తున్నవాడు అతను. గుంటూరు వైపు నుంచి వచ్చిన సాంబమూర్తిది పక్క బల్ల. తన పెళ్లాం తన బల్ల దాటుకుని పోయి, పక్క బల్ల మీద రాయించుకుందన్నమాట.

అవి తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. వకీళ్లు కోర్టు బహిష్కరించి నెల దాటింది. కోర్టు కాగితాలు ఆగిపోయాయి. మిగిలినవి జనం రాయించుకునే చిన్న అర్జీలు. అవీ సాంబమూర్తికే పోతున్నాయి. దసరా దాకా ఇట్లాగే సాగితే బల్ల ఎత్తేసి, హయత్‌నగర్‌లో బావమరిది అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా పోక తప్పదు. బావమరిది అప్పుడే ఈల కూడా కొనిపెట్టాడు.

బిక్షపతి దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లీషు పుస్తకం ఒకటి కొన్నాడు. బలం తెలిపే మాటలన్నీ ఏరి, మిషను మూత లోపల రాసుకున్నాడు. ఇవాళ మొదటి మనిషి ఎవరొచ్చినా తన బల్ల దాటిపోకూడదని నిశ్చయించుకున్నాడు.

వచ్చినవాడు జానయ్య. సరూర్‌నగర్ చెరువు వెనక ఒక గల్లీకి సంఘం పెద్ద. నేరుగా సాంబమూర్తి వైపు నడుస్తుంటే బిక్షపతి చొక్కా పట్టుకుని ఆపాడు.

"జానయ్యన్నా, ఇటు రా. ఏం పని పడ్డది?"

"మా గల్లీల స్తంభానికి బల్బు పోయింది. కరెంటాఫీసుకు కాయిదం గావాలె. గా సారు స్ట్రాంగ్లీ ఏస్తడట గద..."

"ఆయన ఒక్కటే ఏస్తడు. నేను పదకొండు ఏస్త."

"పదకొండా! గదే రేటుకా?"

"గదే రేటుకు. కూసో."

టైపు మిషను మోత మోగింది. గల్లీ ప్రజలు స్ట్రాంగ్లీ, ఫోర్స్‌ఫుల్లీ, వెహిమెంట్లీ కోరుతున్నారు. ఫియర్స్‌లీ, రెజల్యూట్లీ నిలబడతారు. ఇంకా ఆరు మాటలు ఉండగానే కాగితం నిండిపోయింది. వాటిని అంచులో ఇరికించేసరికి బల్బు సంగతి వెనక వైపుకు పోయింది.

కరెంటాఫీసు గుమాస్తా వెనక వైపు తిప్పి చూడలేదు. ముందు వైపుకే అతనికి చెమట పట్టింది. ఇంత కోపంగా రాసేవాళ్లు రోడ్డు ఆపకుండా ఊరుకోరని, కాగితాన్ని పోలీసులకు పంపాడు.

మర్నాడు ఇద్దరు కానిస్టేబుళ్లు గల్లీలోకి వచ్చి జానయ్యను పట్టుకున్నారు.

"రోడ్డు మీద ఏందో చేస్తున్నరట. చేస్తే లోపలేస్తం."

"మేమేం చేస్తున్నం సారూ? బల్బు..."

ఎదురింటి సుమిత్రమ్మ అతన్ని మాట పూర్తి చేయనివ్వలేదు. "ఏం జానయ్యా, అన్ని గల్లీలోళ్లు వంటావార్పు చేసిన్రు, మనమే చేయకపోతిమి. చేయకముందే ఆపనీకి వచ్చిన్రంటే, ఇగ చేయకపోతే ఇజ్జత్ ఉంటదా?"

రోడ్డు మీద పొయ్యి పెట్టి వండి, అందరూ అక్కడే కూర్చుని తినడం అప్పటి నిరసన. గంటలో పొయ్యిలు పెద్ద రోడ్డు మీదికి వచ్చాయి. గంటన్నరలో శామియానా లేచింది. రెండు గంటల్లో విజయవాడ బస్సులు ఎల్‌బీ నగర్ కూడలి దాకా నిలిచిపోయాయి. ప్రయాణికులు దిగి, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పి, మళ్లీ వడ్డించుకున్నారు. మైకులో ముగ్గురు మాట్లాడారు. బల్బు ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఒక్క అర్జీతో రోడ్డంతా ఆగిందన్న కబురు కోర్టు గోడ దాకా వచ్చింది. బిక్షపతి మిషను మూత తుడుచుకుని, సాంబమూర్తికి వినబడేలా దగ్గాడు. రెండోసారి దగ్గబోతుండగా జీపు వచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టరు కాగితం ఊపుతూ దిగాడు.

"ఇది రాసిందెవడు?"

 బిక్షపతి వేలు దానంతటదే లేచి పక్క బల్లను చూపించింది.

"నేనాండీ?" అని లేచాడు సాంబమూర్తి. "నేను ఒక్కటే వాడతానండీ!"

జీపు అతన్ని ఎక్కించుకుని పోయింది. బిక్షపతి పావుగంట బాధపడ్డాడు. తర్వాత తన బల్లను సాంబమూర్తి కూర్చునే నీడలోకి జరుపుకున్నాడు.

సాయంత్రం జీపు తిరిగొచ్చింది. ముందు సీట్లో సాంబమూర్తి. తలుపు తీసింది ఇన్‌స్పెక్టరు.

"మూడు నెలల సంది లీవు ఇస్తలేరు సార్, మా పైవాళ్లు. గట్లాంటి లెటర్ ఒకటి పడాలె. రేపు పొద్దుగాల ఇయ్యండి."

జానయ్య కూడా దండ పట్టుకుని వచ్చాడు. అతని వెనక నాలుగు గల్లీల పెద్దలు. జానయ్య బిక్షపతి చెవిలో అన్నాడు: "రాసింది నువ్వు గద! ఇన్‌స్పెక్టరు సారుకు చెప్త ఆగు."

"చెప్పకన్నా! ఇందాక పోలీసాయనకు అబద్ధం చెప్పిన. తోలు తీస్తడు."

దండ సాంబమూర్తి మెడలో పడింది. జీపు వెళ్లాక అతను కుర్చీ దగ్గరికి లాక్కుని మెల్లగా అన్నాడు: "బిక్షపతిగారూ, స్టేషన్లో కాగితం చూడగానే మీ మిషనుదని పోల్చుకున్నానండీ. పిల్లలున్నవాళ్లు, మిమ్మల్ని ఎక్కడ లోపలేస్తారోనని నేనే రాశానని ఒప్పేసుకున్నాను. ఆ పదకొండు మాటలూ ఏమిటో కాస్త చెబుతారా?"

అతను చెడ్డవాడైనా బాగుండునని బిక్షపతికి అనిపించింది. మూత తెరిచి ఒక్కొక్క మాటే చెప్పాడు. సాంబమూర్తి టైపు చేసుకున్నాడు. సద్ది గిన్నె తీసుకుపోవడానికి వచ్చిన అంజమ్మ, "సారుకు ఇంగ్లీషు ఎంత దండిగ వస్తదో చూసినవా?" అంది.

బిక్షపతి వాచ్‌మన్‌గా పోవలసిన అవసరం మాత్రం రాలేదు. సాంబమూర్తి దగ్గర గట్టిగా రాయించుకున్నవాళ్లందరూ వారం తిరిగేసరికి క్షమాపణ పత్రాల కోసం బిక్షపతి బల్ల ముందు వరస కట్టారు. వరసలో మొదటివాడు ఇన్‌స్పెక్టరు.