చెడిపోయిన లాప్‌టాప్ చేసే మేలు

ఇంట్లో లాప్‌టాప్ చెడిపోవడం అదృష్టవంతులకే దక్కుతుంది. నవ్వకండి! రెండు నెలలు ఆ అదృష్టాన్ని అనుభవించి చెబుతున్నాను.

మాది నాందేడ్‌లో బట్టల దుకాణం. పక్షానికోసారి ఈ కాలమ్ రాస్తాను కాబట్టి ఇంట్లోవాళ్లు నన్ను రచయితగా కూడా గుర్తించాలని నా కోరిక. మా లాప్‌టాప్ తెరిచిన పది నిమిషాలకల్లా పెనంలా కాలిపోయి, గర్రుమని మూలిగి, టప్పున ఆరిపోయేది. మామూలు మనిషైతే ఏం చేస్తాడు? రిపేర్ షాపుకు తీసుకెళతాడు. నేను మామూలు మనిషినా? రోగమేమిటో నేనే తేలుస్తానని కూర్చున్నాను.

మొదటి వారం బ్యాటరీ అన్నాను. కొత్తది వేయించాను. అదీ పది నిమిషాలకే ఆరిపోయింది. రెండో వారం వైరస్ అన్నాను. ఆ మాటలో ఉన్న గొప్పతనమేమిటంటే, అన్నవాడిని ఎవరూ రుజువు అడగరు. మూడో వారం మిక్సీ వల్ల వోల్టేజీ పడిపోతోందని ప్రకటించి ఇంట్లో చట్నీ మాన్పించాను. పక్కింటి అంబదాస్ వచ్చి, "ఫ్రిజ్జుల పెట్టి సూడుండ్రి సేట్, గరం తగ్గుతది" అన్నాడు. పెట్టాను కూడా. ఈ సంగతి మా సంపాదకుడికి చెప్పకండి.

చూశారా, ఎంత విజ్ఞానమో! బాగున్న లాప్‌టాప్ మనిషిని ఇంతగా ఆలోచింపజేస్తుందా?

నాలుగో వారానికి అసలు దోషి దొరికింది. మా ఆవిడ విద్యావతి. బాలవాడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతుంది. కంప్యూటర్ పరీక్ష పాసైతేనే ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్నారు. అందుకని రోజూ సాయంత్రం టైపింగ్ సాధన చేసేది. ఆమె మీటలు నొక్కే తీరు చూడగానే నాకు జ్ఞానోదయమైంది.

"గట్ల పిండి పిసికినట్టు కొడితె మిషను ఆగుతదా? పరీక్ష అయ్యేదాక ముట్టకు" అన్నాను.

"పరీక్షనే దీని మీద గదా" అంది.

"అట్ట మీద మీటలు గీసుకొని నేర్చుకో."

నిజంగానే గీసుకుంది. అట్టముక్క మీద, పెన్సిలుతో. నెల రోజులు దాని మీదే వేళ్లు ఆడించింది. నేను ఎదురుగా కూర్చుని, మీటల వరుస వంకరగా ఉందని సరిదిద్దాను కూడా.

పరీక్ష నాలుగు రోజులుందనగా ఆమే లాప్‌టాప్‌ను సంచిలో వేసుకుని మార్కండేయ రిపేర్ షాపుకు బయలుదేరింది. నా పరిశోధనంతా వినిపించడానికి నేనూ వెంట వెళ్లాను. మార్కండేయ వినలేదు. లాప్‌టాప్ చెవి దగ్గర పెట్టుకుని ఫ్యాన్ చప్పుడు విన్నాడు. స్క్రూలు విప్పి వెనక మూత తీశాడు. బ్రష్‌తో దుమ్ము దులిపి, సన్నటి పట్టకారుతో ఫ్యాన్ రెక్కల సందులోంచి ఒక్కొక్కటిగా తీసి కాగితం మీద పెట్టాడు. ఏడు బియ్యపు గింజలు. పసుపు అంటుకుని పచ్చగా ఉన్నాయి.

"అక్షింతలు ఇరికినయి సేట్. ఫ్యాను తిరుగుతలేదు. గాలి రాక గరమై బంద్ అయితుంది" అన్నాడు.

దసరాకు ముందురోజు పనిముట్ల పూజ మాకు తప్పదు. ఈసారి కత్తెర, గజంబద్ద పక్కన లాప్‌టాప్ కూడా పెట్టాను, రచయితను కదా! కుంకుమ పడి తెర పాడవుతుందేమోనని ఎంతో జాగ్రత్తగా బోర్లించాను. బోర్లించి, వెనకవైపు గాలి జాలీ మీద పసుపు చల్లి, గుప్పెడు అక్షింతలు మంత్రంతో సహా వేశాను.

"పూజ ఎవలు చేసిండ్రు?" అని విద్యావతి అడిగింది. మార్కండేయ వైపు చూస్తూ అడిగింది. నేను గోడ మీది క్యాలెండర్ చదువుతూ నిలబడ్డాను. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. చల్లబరచడానికి నాకు ఫ్యాన్ కూడా లేదు.

ఇప్పుడది చప్పుడు లేకుండా గంటల తరబడి నడుస్తోంది. పరీక్ష అయ్యేదాకా నేను దాన్ని ముట్టకూడదని ఆర్డరు. అందుకే ఈ కాలమ్ చేత్తో రాస్తున్నాను. పక్క గదిలో ఆమె రెండు మాటలు కొట్టి ఆగుతోంది, తుడిచేసి మళ్లీ మొదలుపెడుతోంది. అట్ట మీద తిరిగిన వేళ్లకు నిజం మీటలు లొంగడం లేదు. పరీక్ష ఎల్లుండే. ఆ గదిలోకి వెళ్లి ఒక్క మాట చెప్పాలని ఉంది. రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి, మంచినీళ్లు తాగి వచ్చేశాను.

చెడిపోయిన లాప్‌టాప్ అదృష్టమని ఎందుకన్నానో ఇప్పుడైనా తెలిసిందా? అది చెడి ఉన్నన్ని రోజులూ మా ఇంట్లో తప్పు చేయని మనిషిని నేనొక్కణ్నే.