ఆదివారం పైకప్పు పరీక్ష

ఆదివారం పొద్దున కాఫీ తాగుతూనే ఎకార్ట్, చెమ్మ తగిలితే కూసే తన తేమ యంత్రంలో కొత్త బ్యాటరీలు వేశాడు. వంటా పడకా ఉన్న పాత మోటార్‌హోమ్ ఒకటి కొనాలని ఆయన కోరిక. మూడు వేసవులుగా చూసిన ప్రతి బండిలోనూ ఏదో ఒక మూల చెమ్మ కనిపెట్టి, ఉత్తచేతులతో తిరిగొస్తున్నాడు. ఉత్తర సముద్రం చూడాలన్న ఆయన భార్య రోస్‌విట ఆశ మాత్రం అలాగే ఉండిపోయింది.

"ఇవాళా బండి కుదరకపోతే నేను మా చెల్లెలితో రైలెక్కి పోతా. నువ్వూ నీ యంత్రమూ ఇంట్లో గోడలు పొడుచుకుంటూ కూర్చోండి" అంది రోస్‌విట.

"చెమ్మంటే నీకు ఆటగా ఉంది! పైకి అద్దంలా ఉంటుంది, లోపల చెక్కంతా కుళ్లిపోయుంటుంది."

"తెలుసు. నా కల్లోకి కూడా వస్తోంది."

బండి అమ్మే లోథార్ రిటైరైన బస్సు డ్రైవరు. ఎకార్ట్ ఆయన బండిలో దూరి అల్మారా వెనకా, మంచం కిందా, కిటికీల అంచులూ అన్నీ యంత్రంతో పొడిచాడు. అది కిక్కురుమనలేదు. ఇంకొకరైతే సంతోషించేవారు. ఎకార్ట్‌కు ఒళ్లు మండింది.

"పైకప్పు మీద పైపుతో నీళ్లు కొట్టి చూద్దాం" అన్నాడు.

"నా బండి ఏళ్ల తరబడి షెడ్డులోనే ఉందండీ!"

"అందుకేగా చూద్దామంటున్నా."

లోథార్ పళ్లు నూరుకుంటూ పైపు కోసం వెళ్లాడు. ఎకార్ట్ చొక్కా చేతులు మడుచుకుంటూ బయటికి నడిచాడు. బండిలో మిగిలిన రోస్‌విట ముక్కు ఎగబీల్చింది. లోపల గాలి మగ్గిపోయి ఉంది. మగ్గిన గాలిని చూస్తూ ఊరుకునే ఇల్లాలు ఆ ఊళ్లోనే కాదు, జర్మనీ మొత్తంలో లేదు. పైకప్పులో గాలికోసం ఉన్న కంత మూత బార్లా ఎత్తి, ఈగలు రాకుండా దాని కింది తెల్ల గుడ్డ తెర లాగి, లోథార్ భార్య కేకు తినడానికి పిలిస్తే ఇంట్లోకి వెళ్లింది.

నేలమీద నిలబడ్డవాడికి అంత ఎత్తు బండి పైభాగం కనబడదు. ఎకార్ట్ తనివితీరా నీళ్లు కొట్టి, లోపలికెళ్లి పరుపు మీద యంత్రం ఆనించాడు. అది గావుకేకలు పెట్టింది.

"కురుస్తోంది! నేను చెప్పలా?"

లోథార్ గుమ్మంలో నిలబడి తెల్లబోయాడు. ఇంతలో పక్కింటి కెట్నరమ్మ కంచె దగ్గరికొచ్చింది. "ఏమయ్యా లోథార్, ఆదివారం బండ్లు కడగకూడదని రూలుంటే నువ్వు కడగడమేంటి? సిగ్గులేదూ? మున్సిపాలిటీకి చెప్పమంటావా?"

"కడగడం కాదమ్మా, పరీక్ష!" అన్నాడు ఎకార్ట్.

"నీళ్లు పోస్తే కడిగినట్టే."

"కావాలంటే మీరే వచ్చి చూడండి. రేపు ఈయన కాదన్నా మీరు సాక్షిగా ఉంటారు."

కెట్నరమ్మకు అంతకంటే ఏం కావాలి? వచ్చి పరుపును రెండు చేతులా నొక్కి చూసింది. వీధి వీధంతా వినేలా "అయ్యో, చిత్తడి చిత్తడి!" అంది. లోథార్ ముఖం కందగడ్డ అయింది. ఎకార్ట్ సగం ధరకు బేరం మొదలుపెట్టాడు.

అప్పుడు కేకు పళ్లెం పట్టుకుని రోస్‌విట వచ్చింది. తడిసిన పరుపును చూసింది, పైకి చూసింది, నిదానంగా తెర పక్కకు లాగింది. అక్కడ పైకప్పు లేదు, నీలాకాశం ఉంది.

"గాలాడుతుందని మూత తెరిచా" అంది.

ముందు తేరుకున్నది కెట్నరమ్మే. "అయితే తడిపింది ఈయనే! నేను సాక్షిని."

"పరుపు ఆరబెట్టుకుంటే సరిపోతుంది కదా" అని ఎకార్ట్ గొణిగాడు.

"మరి పరుపు కింది చెక్క? చెమ్మ పట్టిన బండి లోపల్లోపల కుళ్లిపోతుందని పొద్దుట్నించీ నాకు పాఠం చెప్పారుగా!" అని లోథార్ విరుచుకుపడ్డాడు. "తడిపినవాళ్లే కొనుక్కోండి. అడిగిన ధరకి. పైసా తగ్గను."

మరుసటి శనివారం ఆ బండిలోనే ఉత్తర సముద్రానికి పోతూ, చాలాసేపు తటపటాయించి ఎకార్ట్ అడిగాడు.

"నీళ్లు కొడతానని నేనన్నప్పుడు నువ్వు అక్కడే ఉన్నావు కదూ?"

"ఉన్నా."

"మరి మూతెందుకు తెరిచావు?"

"బండికి గాలాడకపోతే చెమ్మ పడుతుందని మూడేళ్లుగా చెవిలో ఊదరగొడుతున్నది నువ్వే కదా" అంది రోస్‌విట, కిటికీ అద్దం దించుకుంటూ.

బ్యాటరీలు కొత్తవి కావడంతో, వెనక ఇంకా ఆరని పరుపు మీద మరిచిపోయిన యంత్రం సముద్రం వచ్చేదాకా కూస్తూనే ఉంది.