రాజమహల్ ముందు లైను

శఠగోపం తిరుమల కొండ మీద శ్రీవారి క్యూ లైన్ల దగ్గర ముప్పై నాలుగేళ్లు పనిచేసి పోయిన నెలే రిటైరయ్యారు. ఆయన తాడు దింపితే ఎంతటివాడైనా ఆగాలి, ఎత్తితే కదలాలి. మంత్రిగారి బావమరిది వచ్చినా అంతే. ఆ మాటకొస్తే కట్టుకున్న పెళ్లాం వచ్చినా అంతే. ఆయన భార్య కోమలవల్లి ఎప్పుడు దర్శనానికి వెళ్లినా అందరితో పాటు కంపార్టుమెంటులో కూర్చుని, అందరితో పాటు తోపుళ్లు తిని ఇల్లు చేరేది. "మీ ఆయన అక్కడే కదమ్మా, నీకేం తక్కువ" అని ఇరుగుపొరుగు అన్నప్పుడల్లా ఆవిడకు ఒళ్లు మండిపోయేది.

అందుకే ఈ ఆదివారం పొద్దున చంద్రగిరి ప్రయాణం అనుకోగానే ఆవిడ ఒకే ఒక్క షరతు పెట్టింది.

"పెళ్లయినప్పటి నుంచి ఆ కోట చూపిస్తానంటానే ఉండారు. వస్తా గానీ, ఈ ఒక్క దినం నేను లైనులో నిలబడను. ముందే చెప్తా ఉండా."

"కోటలో లైన్లు యాడుంటాయి కోమలా. ఇదో, మాటిస్తా ఉండా," అని శఠగోపం చేతిలో చెయ్యేశారు.

విజయనగర రాజులు చివరి కాలంలో రాజధాని చేసుకుని ఏలిన ఊరది. కొండ కింద కోట, కోటలో రాజమహల్, దానికి కాస్త ఎడంగా రాణిమహల్. ముందు కడుపులో ఇంత పడేసుకుని, తర్వాత నింపాదిగా చూద్దామని దంపతులిద్దరూ రాజమహల్ ఎదుట నీడ చూసుకుని కూర్చున్నారు. శఠగోపం పులిహోర గిన్నె మూత తీశారు. కొంప అక్కడే మునిగింది.

వడమాలపేట నుంచి మనవళ్లతో వచ్చిన గురవమ్మ అనే పెద్దావిడ అటు పోతూ పోతూ ఆగింది. ఎదురుగా తిరునామం పెట్టుకున్న స్వామి, చేతిలో గరిటె, ముందు ఇత్తడి గిన్నె, గుప్పుమనే పోపు వాసన. ఇక ఆవిడకు అనుమానమేముంది? చెప్పులు విడిచి, లెంపలు వేసుకుని, దోసిలి పట్టింది.

"సామీ, రవ్వంత పెసాదం పెట్టండి."

దోసిలి పట్టిన మనిషికి లేదనడం శఠగోపం వంశంలోనే లేదు. ఇంట్లో పెరుమాళ్లకు ఆరగింపు చేసిందే గనక ప్రసాదం కాదనడానికీ లేదు. ఓ గరిటె పెట్టారు. మనవళ్లు చేతులు చాపారు. వాళ్ల వెనక ఇంకెవరో చాపారు. నలుగురు పదిమందయ్యేసరికి తోపులాట మొదలైంది. ఆ చప్పుడు చెవిన పడిందంటే శఠగోపానికి ఒళ్లు తెలియదు.

"ఒకరి వెనక ఒకరు రావాల. ఆడోళ్లు ఎడం పక్క. తొయ్యొద్దు నాయనా, అందరికీ అందుతుంది."

"మొదలుపెట్టినారు," అంది కోమలవల్లి.

తిరుపతి పక్క జనానికి ఒక గుణం ఉంది. లైను కనిపిస్తే ముందు నిలబడతారు, దేనికని తర్వాత అడుగుతారు. శ్రీ సిటీ ఫ్యాక్టరీ నుంచి యాభై మందిని బస్సులో విహారానికి తీసుకొచ్చిన సూపర్‌వైజర్ మునిచంద్ర దిగీదిగగానే, "నిలబడండప్పా, మళ్లీ పెద్దదైపోతుంది" అని తన దండునంతా తెచ్చి తోకకు తగిలించాడు. పులిహోర ఎప్పుడో అడుగంటింది. లైను మాత్రం రాణిమహల్ దాటి పాకింది.

తోకలో ఉన్నవాళ్లకు పులిహోర సంగతే తెలియదు. ఉచిత కంటి పరీక్ష అన్నాడొకడు. ఇంటి స్థలాల పట్టాలన్నాడు ఇంకొకడు. "ఆధార్ జిరాక్సు అడగతారంట" అని ఎవరో అనేసరికి సగం మంది తమ చోట్లకు చెప్పులనూ నీళ్ల సీసాలనూ కాపలా పెట్టి జిరాక్సు అంగడికి పరిగెత్తారు. కాసేపటికి ఒకాయన వచ్చి రెండు కాపీలూ ఒక ఫొటో శఠగోపం చేతిలో పెట్టాడు.

"ఇవెందుకు నాయనా?"

"ఎందుకో మీరే చెప్పాల సామీ. గంట నుంచి నిలబడుండా."

ఇంతలో రాజమహల్ వాకిట టికెట్లు చూసే ప్రేమానందం గబగబా వచ్చాడు.

"ఎవరప్పా ఈ లైను పెట్టింది? దేనికి?"

గంటసేపు నిలబడ్డ మూడొందల మందికి బోర్లించిన గిన్నె చూపిస్తే ఏమవుతుందో శఠగోపానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"రాజమహల్ దర్శనానికి," అన్నారు గొంతు సవరించుకుని. "ఇరవై మంది చొప్పున వదలతా. నువ్వు టికెట్లు చూసుకో."

ప్రేమానందం లైనును మొదటి నుంచి చివరి దాకా చూశాడు. రోజూ ఒక్కసారిగా మీద పడి, కనపడిన గోడ మీదల్లా పేర్లు చెక్కే జనం ఇవాళ కోట గేటులో కొన్న టికెట్టు చేత్తో పట్టుకుని బుద్ధిగా నిలబడి ఉన్నారు.

"మీరు రోజూ రాకూడదా సామీ," అన్నాడు.

శఠగోపం పొంగిపోయారు. తాడు లేకపోతేనేం, భుజాన ఉత్తరీయం ఉంది. దాన్ని వాకిలికి అడ్డంగా కట్టి వెనక్కి తిరిగేసరికి కోమలవల్లి కనిపించింది. ఖాళీ గిన్నెలు సంచిలో సర్దుకుని, లైను చివరికి నడుస్తోంది. ఆవిడ ముఖంలో కోపం కూడా లేదు, అలవాటు తప్ప. అది చూడగానే ఆయనకు పొద్దున చేతిలో చెయ్యేసిన సంగతి గుర్తొచ్చింది. మాటిచ్చి పూట కూడా గడవలేదు. ఇవాళ కూడా ఆవిడను తోకకు పంపితే, ఇక ఈ జన్మలో ఆవిడ తనను ఏమీ అడగదు.

"కోమలా, ఇట్లా రా. ముందు నువ్వు పో," అని ఆయన ఉత్తరీయం ఎత్తారు.

లైను భగ్గుమంది.

"ఆయమ్మ ఎట్ల ముందు పోతుంది? మేం మనుషులం కాదా?" అన్నాడు మునిచంద్ర.

ముప్పై నాలుగేళ్లుగా తానూ అదే న్యాయం చెప్పినవాడే గనక శఠగోపం ఎత్తిన ఉత్తరీయాన్ని సగం దించారు. అప్పుడు, ప్రసాదం తిన్నా కదలకుండా ముందు వరసలోనే ఉన్న గురవమ్మ నడుం మీద చెయ్యేసుకుని వెనక్కి తిరిగింది.

"పెసాదం సేసిన తల్లిరా ఆమె. తను ఒక మెతుకు తినకుండా మనకు పెట్టింది. ఆమెకు లేని ముందు నీకుండాదా?"

తిన్నవాళ్లంతా అవునన్నారు. తిననివాళ్లు ఆ రుచి గురించి అప్పటికే విని ఉన్నారు గనక వాళ్లూ అవునన్నారు. మునిచంద్రే అందరికంటే ముందు పక్కకు జరిగి దారిచ్చాడు.

కోమలవల్లి కొంగు సర్దుకుని, సంచి మొగుడి చేతికిచ్చి, మహల్ మెట్లెక్కింది. లోపల నరపురుగు లేదు. కాసేపటికి పై అంతస్తు కమానులో కనిపించింది. కింద మూడొందల తలలు ఒక్కసారిగా పైకి లేచాయి. గురవమ్మ మనవళ్లు చెయ్యి ఊపితే ఆవిడా ఊపింది. ఆ ముఖంలో వెలుగు చూసి శఠగోపానికి కళ్లు చెమర్చాయి. ఇంత కాలం ఈ తాడు ఒక్కసారైనా ఎందుకు ఎత్తలేదా అని తనను తానే తిట్టుకున్నారు.

ముప్పావు గంటకు ఆవిడ బయటికొచ్చింది.

"ఎట్లుండాది?" అన్నారు శఠగోపం.

"బాగుండాది. వెనక పక్క గది మాత్రం సరిగ్గా చూళ్లేదు," అని ఆవిడ మళ్లీ మెట్లెక్కింది.

సర్వదర్శనానికి ఇంకో గంట పడుతుందని శఠగోపం లైనుకు ప్రకటించారు.