బోడికొండ మీది పెద్దాయన

ఒక పెద్ద అడవిలో ఒకే ఒక్క చిన్న మడుగు ఉండేది. అడవి ఎంత పెద్దదైతేనేం, ఎండలు ముదిరేసరికి అందరి నోళ్ళూ ఆ మడుగు దగ్గరికే చేరేవి.

ముసలి సింహం పోయాక ఆ అడవికి రాజు లేడు. జంతువులన్నీ కలిసి ఒక సభ పెట్టుకున్నాయి. సభకి పెద్ద భల్లన్న అనే ఎలుగుబంటి. మంచివాడు. ఎవరేం చెప్పినా నిజమేనంటాడు. ఇద్దరు రెండు మాటలు చెబితే రెండూ నిజమేనంటాడు. అందువల్ల ఆ సభలో ఏ సంగతీ తేలేది కాదు.

ఆ వేసవిలో మడుగు దగ్గర తొక్కిసలాట జరిగి ఒక లేడిపిల్ల కాలు విరిగింది. తల్లి లేడి సభకి వచ్చింది.

"ముందు ఎవరు తాగాలో, వెనక ఎవరు తాగాలో ఒక వరస పెట్టండయ్యా" అని ఏడ్చింది.

"పెడదాం, తప్పకుండా పెడదాం" అన్నాడు భల్లన్న.

"పెట్టడానికి నువ్వెవరు?" అంది కోరలమ్మ అనే అడవిపంది. ఆవిడకి నీళ్ళు తాగడం కన్నా అందులో పొర్లడం ముఖ్యం. "నీకూ నాలుగు కాళ్ళే, నాకూ నాలుగు కాళ్ళే. నీ మాట నేనెందుకు వినాలి?"

"అదీ నిజమే" అన్నాడు భల్లన్న.

అప్పుడు పరిమళయ్య లేచాడు. ఆయన పునుగుపిల్లి. ఒంట్లోంచి ఎప్పుడూ కమ్మని వాసన వస్తూ ఉంటుంది. పుట్టి బుద్ధెరిగి ఒక్క పనీ చేసిన పాపాన పోలేదు గాని, ఎదురుపడితే మాత్రం ఎవరికైనా ఒక దండం పెట్టాలనిపిస్తుంది.

"కోరలమ్మత్త అడిగినదాంట్లో తప్పేం లేదు. సాటివాడి మాట సాటివాడు వినడు. వినాలంటే మనందరికీ పైన ఒకరుండాలి."

"పైన అంటే ఎక్కడ?" అంది కోరలమ్మ.

పరిమళయ్య తోక ఎత్తి బోడికొండ చూపించాడు. చెట్టూ చేమా లేని నున్నటి రాతికొండ అది. దాన్ని ఎక్కినవాళ్ళు లేరు.

"అక్కడ పెద్దాయన ఉన్నారు. నిన్న కొండ మొదట్లో కునుకు తీస్తుంటే నాతో మాట్లాడారు. నమ్మకపోతే వాసన చూడండి."

అందరూ వాసన చూశారు. కమ్మగా ఉంది. ఆయన వాసన రోజూ అలాగే ఉంటుందన్న సంగతి ఆ క్షణంలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

"మేమూ ఓసారి చూసి రావచ్చా?" అన్నాడు భల్లన్న ఆశగా.

"అమ్మో! చూస్తే కళ్ళు పోతాయి. ఏదైనా ఉంటే ఆయన నాకు చెబుతారు, నేను మీకు చెబుతాను."

చిప్పమ్మ అనే ముసలి తాబేలు మెడ బయటికి చాచింది.

"నాయనా, పైన ఒకరున్నారంటే నాకు సంతోషమే. మొక్కమంటే మొక్కుతాను. నా అనుమానం ఆయన మీద కాదు, నీ మీద."

"అవ్వా, నన్ను అనుమానిస్తే ఆయన్ని అనుమానించినట్టే."

"ఆ ముక్క కూడా ఆయనే చెప్పారా?"

సభంతా ఉష్షుమంది. అవ్వ మెడ లోపలికి లాక్కుంది.

మర్నాడు పొద్దున్నే మొదటి ఆజ్ఞ వచ్చింది. దాన్ని చాటడానికి పలుకులమ్మ అనే చిలకని పెట్టుకున్నాడు పరిమళయ్య. చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పడంలో ఆవిడకి సాటి లేదు.

"పిల్లల తల్లులు ముందు! చిన్న జంతువులు తర్వాత! పెద్దవి ఆఖరున! మడుగులో పొర్లరాదు! ఇది పెద్దాయన ఆజ్ఞ!"

విచిత్రమేమిటంటే అందరూ విన్నారు. భల్లన్న చెబితే విననివాళ్ళు, కనబడని ఆయన చెబితే నోరెత్తకుండా వరసలో నిలబడ్డారు. కోరలమ్మ దుమ్ములో పొర్లి సరిపెట్టుకుంది. కుంటి లేడిపిల్ల ఆ వేసవిలో మొదటిసారి కడుపునిండా నీళ్ళు తాగింది. అది చూసి చిప్పమ్మ కూడా, "ఏమో, మంచికే వచ్చిందేమో" అనుకుంది.

పరిమళయ్య అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

నాలుగు రోజులకి పెద్దాయనకి తేనె కావాల్సి వచ్చింది. మరో నాలుగు రోజులకి మామిడిపళ్ళు. అవన్నీ కొండ మొదట్లో పెడితే తెల్లారేసరికి మాయమయ్యేవి. పరిమళయ్య పొట్ట మాత్రం పెరిగేది. ఆ తర్వాత మడుగు తూర్పు ఒడ్డు పెద్దాయన సేవకుడి స్నానానికి కేటాయించారు. తేట నీళ్ళు ఉండేది ఆ ఒడ్డునే. మిగతాదంతా బురద.

లేడి వచ్చి, "అయ్యా, బురద నీళ్ళు తాగి పిల్ల కక్కుకుంటోంది" అంది.

"ఓర్చుకో తల్లీ. పెద్దాయన నిన్ను పరీక్షిస్తున్నారు" అన్నాడు పరిమళయ్య, ఒళ్ళు తుడుచుకుంటూ.

ఆ పూట సభలో ఆయన కాస్త కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు. కానుకగా వచ్చే పళ్ళు తగ్గుతున్నాయని ఆయన బెంగ. "మీకోసం రోజూ ఆయన కొండ మొదలు విడిచి ఇక్కడికి రావాల్సి వస్తోంది. నా మనసెప్పుడూ పైనే. ఈ బాధ మీకేం తెలుస్తుంది?"

భల్లన్న గుండె కరిగిపోయింది. ఎవరేం చెప్పినా నిజమేననుకునేవాడు కదా!

"నిజమే! ఇంతటి భక్తుణ్ణి ఈ బురదలో కట్టేసుకుని మనం పాపం చేస్తున్నాం. ఆయన్ని పెద్దాయన దగ్గరికే పంపేద్దాం!"

సభంతా చప్పట్లు కొట్టింది. పరిమళయ్యకి ముచ్చెమటలు పోశాయి.

"అంత అర్హత నాకెక్కడిది?"

"ఆ మాట అనగలగడమే అర్హత!" అన్నాడు భల్లన్న.

"నేను పోతే మీ గతేమిటి?"

"చూశారా, ఇప్పుడు కూడా మన గురించే!" అంటూ కోరలమ్మ ముక్కు చీదింది.

పైన ఎవరూ లేరని అక్కడే చెప్పేస్తే గొడవ వదిలేది. చెబుదామనే నోరు తెరిచాడు. ఎదురుగా కోరలమ్మ కోరలు కనబడ్డాయి. ఆయన మాట మీద నెలరోజులుగా మడుగులో పొర్లకుండా ఒళ్ళు మండించుకున్న మనిషి ఆవిడ. పరిమళయ్య నోరు మూసుకున్నాడు.

తీగెలతో ఉట్టి అల్లారు. రెండు కొండగద్దలు దాన్ని కాళ్ళతో పట్టుకుని ఎగిరి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఆయన్ని శిఖరం మీద దింపి వచ్చేశాయి.

పైన బండ కాలిపోతోంది. నీడ లేదు, నీళ్ళు లేవు. దిగుదామంటే నున్నటి రాయి. పరిమళయ్య గొంతు చించుకుని అరిచాడు. కింద మాటలు తెలియలేదు గాని, గాలివాటున ఏదో సన్నటి చప్పుడూ, కమ్మని వాసనా చేరాయి. అందరూ సాష్టాంగపడ్డారు.

"పెద్దాయన ఏదో చెబుతున్నట్టున్నారు. విని రామ్మా" అని భల్లన్న పలుకులమ్మని పంపాడు.

చిలక ఎగిరివెళ్ళి కళ్ళు మూసుకునే వాలింది. కాసేపటికి ఒక కన్ను తెరిచింది. కన్ను పోలేదు. రెండోదీ తెరిచింది.

"తల్లీ పలుకులమ్మా! ఇక్కడెవరూ లేరు, నేనొక్కణ్ణే ఉన్నాను! ఆకలేస్తోంది, నాలుక పిడచకట్టుకుపోతోంది. దించమని చెప్పవే!"

పలుకులమ్మ కిందికి వచ్చింది. అడవి అడవంతా మెడలెత్తి ఆవిడ ముక్కుకేసి చూస్తోంది. అలవాటు ప్రకారం విన్నది విన్నట్టే అప్పజెప్పింది.

"ఇక్కడెవరూ లేరు, నేనొక్కణ్ణే ఉన్నాను!"

"ఒక్కడే!" అంటూ భల్లన్న నేలమీద పడి పొర్లాడు. "విన్నారా? ఉన్నది ఆయనొక్కడే!"

ఆనందంతో అందరి ఒళ్ళూ గగుర్పొడిచాయి.

"ఆకలే..." అని మొదలుపెట్టి పలుకులమ్మ ఆగింది. ఎదురుగా మామిడిపళ్ళ గంప ఉంది. దాని పక్కనే లేడిపిల్ల నాలుక వేలాడేసుకుని పడుకుని ఉంది. ఇన్నాళ్ళూ చెప్పిందే చెప్పిన చిలక, పుట్టాక మొదటిసారి చెప్పనిది చెప్పింది.

"ఆకలిదప్పులు నాకు లేవు! మడుగంతా మీదే, తూర్పు ఒడ్డు తల్లులది! పళ్ళు మాత్రం నా మాట మోసుకొచ్చేవాళ్ళకి పెట్టండి!"

తల్లి లేడి తన పిల్లని తట్టి లేపి తేట నీళ్ళకి నడిపించుకుపోయింది.

సాయంత్రం చిప్పమ్మ మెల్లగా చిలక దగ్గరికి వచ్చింది. "నిజం చెప్పమ్మా, అది ఆయన మాటేనా?"

"అవ్వా, నీళ్ళు తేటగా ఉన్నాయా లేవా?"

"ఉన్నాయి."

"మరింకేం?"

అవ్వ నీళ్ళ అంచుకి జరిగింది. తర్వాత మెడ వంచి నీళ్ళు తాగింది.

వానలు పడ్డాయి. కొండ మీద రాతి గుంటలు నిండాయి. పలుకులమ్మ రోజూ పొద్దున్నే సగం కొరికిన పండొకటి పైకి తీసుకెళ్ళి పడేస్తుంది. పైన ఆయన లేకపోతే కింద తన పని పోతుందని ఆవిడకి తెలుసు. పరిమళయ్య మొదట్లో తిట్టేవాడు, తర్వాత బతిమాలేవాడు. ఇప్పుడు చిలక కనబడగానే లేచి నిలబడి వినయంగా అడుగుతాడు:

"నిన్న నేనేం ఆజ్ఞాపించానమ్మా?"

పైవాడికి లోబడి ఉండాలా వద్దా అన్నది కిందివాళ్ళు ఎన్నాళ్ళైనా వాదించుకోవచ్చు. కిందివాళ్ళకి లోబడి ఉండక పైవాడికి మాత్రం వేరే దారి లేదు.