సింగిల్స్ ఆడాలంటే ఓ అక్క ఉండాలి

మగాళ్ళ టెన్నిస్ సింగిల్స్‌లో ఆటగాడు ఒంటరివాడని మీరింకా నమ్ముతున్నారా? ఎంత అమాయకులండీ! వాడు ఒంటరిగా ఆడేది గెలిచిన పాయింట్లు మాత్రమే. పోయిన పాయింట్లన్నీ కుటుంబం ఖాతాలోకి వెళ్తాయి.

కోర్టు పక్కన, ముందు వరసల్లో, ఆటగాడి మనుషుల కోసం కొన్ని కుర్చీలు వేస్తారు. దాన్ని ప్లేయర్ బాక్స్ అంటారు. కోచ్, ఫిజియో, ఇంటివాళ్ళు అక్కడ కూర్చుంటారు. కుర్రాడు కొట్టిన బంతి నెట్‌కి తగిలిందా? వెంటనే ఆ బాక్స్ వైపు తిరిగి, రెండు చేతులూ చాచి, గుడ్లురిమి అరుస్తాడు. దీన్ని కొందరు తలపొగరంటారు. నేనొప్పుకోను. మనిషి కనిపెట్టిన గొప్ప సౌకర్యాల్లో లిఫ్టు తర్వాత దీన్నే చెప్పుకోవాలి.

నాకీ విషయంలో సొంత అనుభవం ఉంది. మా అన్నయ్య కొడుకు ప్రొఫెషనల్ ఆటగాడు. ఆరడుగుల పైనే ఉంటాడు, గడ్డం కూడా ఉంది, అయినా ఇంట్లో వాడు బుజ్జిగాడే. వాడి బాక్స్‌లో మధ్య కుర్చీ వాళ్ళక్కది.

అక్క లెక్కల టీచరు. తమ్ముడి కోసం బడికి సెలవు పెట్టి, వాడి వెంట ఊరూరా తిరుగుతోంది. టికెట్లు, హోటల్ గదులు, ఉతకాల్సిన సాక్సులు, అన్నీ తనే చూసుకుంటుంది. ఇవన్నీ చిల్లర పనులు. అసలు ఉద్యోగం ఆ కుర్చీలో కూర్చోవడం!

అదేమంత తేలికనుకున్నారు? సర్వీసు గీత బయట పడితే వాడు అక్క వైపు చూస్తాడు. గాలి వీస్తే అక్క వైపు చూస్తాడు. ఎండ కళ్ళలో పడితే, సూర్యుడు బాక్స్‌లో దొరకడు కాబట్టి, అక్క మీదే అరుస్తాడు. చప్పట్లు కొడితే "ఏం చూసి కొడుతున్నావ్?" అంటాడు. కొట్టకపోతే "అసలు బతికే ఉన్నావా?" అంటాడు. పాపం, తను నవ్వూ ఏడుపూ కాకుండా పాస్‌పోర్టు ఫొటోలోలా మొహం పెట్టుకోవడం నేర్చుకుంది.

ఇందులో పొదుపు కూడా గమనించండి. కోపమొచ్చి రాకెట్ విరగ్గొడితే జరిమానా. బంతిని జనంలోకి కొడితే జరిమానా. అంపైర్‌ని ఒక్క మాటంటే జరిమానా. అక్కని ఎన్నన్నా పైసా ఖర్చు లేదు! పైగా విరిగిన రాకెట్ విరిగినట్టే. అక్క మాత్రం మర్నాడు తనంతట తనే వచ్చి కూర్చుంటుంది.

ఇంత మంచి ఏర్పాటు టెన్నిస్ వాళ్ళకే ఎందుకుండాలి? పళ్ళ డాక్టరు పొరపాటున మంచి పన్ను పీకేశాడనుకోండి. పక్కనే వాళ్ళ బావమరిదికో కుర్చీ వేసి ఉంటే, "అలా చూస్తావేంట్రా, అంతా నీవల్లే!" అని ఒక కేక వేసి, ప్రశాంతంగా రెండోది పీకొచ్చు. బస్సు డ్రైవరు స్తంభాన్ని గుద్దితే వెనక సీట్లో అత్తగారి వైపు తిరగొచ్చు. దేశం ఎంత హాయిగా ఉంటుందో ఊహించండి!

ఇక నిన్నటి క్వార్టర్ ఫైనల్ సంగతి. నేను వెనక వరసలో, చూపు తగలని చోట కూర్చున్నాను. పొద్దున్నే అక్కకి బడి నుంచి కబురొచ్చింది. సోమవారం నుంచి వస్తావా, వేరే టీచర్ని పెట్టుకోమంటావా, మధ్యాహ్నం ఫోన్ చేస్తాం, తేల్చి చెప్పు అని. తను ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బ్లాక్‌బోర్డు కోసం ఆ పిల్ల ఎంత బెంగ పెట్టుకుందో నాకు తెలుసు.

"వెళ్ళు తల్లీ" అన్నానా? అనలేదు. "వాడి మూడ్ పాడవుతుందేమో చూసుకో" అన్నాను. బాబాయినన్నాక ఆమాత్రం బాధ్యత ఉండదూ!

చివరి సెట్‌లో వాడు వెనకబడ్డాడు. రెండు సర్వీసులూ తప్పి, డబుల్ ఫాల్ట్‌తో పాయింటు పోగొట్టుకుని, ఇటు తిరిగి, స్టేడియమంతా వినేలా అరిచాడు. "నీ మొహం చూస్తుంటే ఆటెలా వస్తుందక్కా!"

ఆ గేమ్ పోయి, ఆటగాళ్ళు వైపులు మారే విరామం వచ్చింది. ఒళ్ళో ఫోన్ వణికింది. అక్క లేచి బయటికి వెళ్ళిపోయింది.

ఆట మళ్ళీ మొదలైంది. వాడు బంతిని నెట్‌కి కొట్టి, అలవాటుగా ఇటు తిరిగి, చేతులు చాచాడు. ఖాళీ కుర్చీ! తెరిచిన నోరు కాసేపు అలాగే ఉంచి, మూసేశాడు. కోచ్ మీద అరుద్దామంటే ఆయన ఉద్యోగం మానేస్తాడు. ఇంక చేసేదేం లేక బంతి వైపు చూశాడు. బంతిని చూస్తూ కొడితే తగులుతుందట! వరసగా గేములు గెలిచి సెమీఫైనల్‌కి వెళ్ళాడు.

బయట అక్క కాఫీ తాగుతూ నిలబడి ఉంది. వాడు వస్తూనే మొదలెట్టాడు.

"చూశావా అక్కా? నువ్వు లేకపోయేసరికి గెలిచాను! ఈ లేచెళ్ళేదేదో ముందే లేచెళ్ళుంటే పోయిన టోర్నీ కూడా నాదే. అంతా నీవల్లే!"

గెలిచినా ఆ పిల్లదే తప్పు! ఒక్క క్షణం నాక్కూడా ఒళ్ళు మండింది.

అక్క కాఫీ చివరి గుక్క తాగింది. "నిజమేరా బుజ్జీ. అందుకే సోమవారం నుంచి బడికి వస్తానని చెప్పేశాను. రేపు పొద్దున్నే నా ప్రయాణం. సాక్సులు నువ్వే ఉతుక్కో."

"అదేంటక్కా! రేపు ఓడిపోతే?"

"ఏముందిరా, ఓడిపోతావ్."

"మరి ఎవర్ని చూసి అరవాలి?"

అంత మనిషీ నిజంగానే భయపడ్డాడు. ఓటమికి కాదు, అది తనదే అవుతుందేమోనని. కళ్ళు అటూ ఇటూ తిప్పి చివరికి నా దగ్గర ఆపాడు. "బాబాయ్, ఆ కుర్చీలో నువ్వు కూర్చో."

అంతటి సౌకర్యం నడిచొచ్చి ఎదురుగా నిలబడితే నేను ఎగిరి గంతేయాలా వద్దా? కానీ సరిగ్గా అప్పుడే నడుం పట్టేసింది. "మీ పిన్నిని పంపిస్తాన్రా, తనకి ఓపికెక్కువ" అని ధైర్యం చెప్పాను.

"పిన్నికి ఇందాకే ఫోన్ చేశాను బాబాయ్," అంది అక్క. "నువ్వీ మాటంటావని తెలుసు. రేపు తను ఊళ్ళో ఉండదట."

ఇదంతా ఇవాళ సెమీఫైనల్లో, మధ్య కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. ఇప్పుడే బంతి నెట్‌కి తగిలింది. వాడు ఇటు తిరుగుతున్నాడు. నేను చప్పున నా వెనక్కి తిరిగి చూశాను. వెనక వరసలో ఎవరూ లేరు.